కింది పంపు పుటలో నాలుగో వాక్యం

నమోదు 1

చదువరులు ముందుగా నన్ను మన్నించాలి. నా తెలుగు మంచి తెలుగు కాదు. పగలంతా గాలి ఫ్యాన్ల దగ్గర పనిచేసి, షిఫ్టు దిగిన తరువాత రాత్రి బడిలో కూర్చుని చదువుకున్నవాణ్ణి. పొడవైన వాక్యం మొదలుపెడితే, చివరికి వచ్చేసరికి కర్త ఎక్కడ ఉన్నాడో వెతుక్కోవలసి వస్తుంది. అయితే పట్టా మాత్రం పూర్తిగా నాదే. నలభై దాటిన తరువాత తీసుకున్నాను. ఇప్పుడు నలభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఆ పట్టాను చూసే పంచాయితీవారు నన్ను ఎనిమిదో బాయికి పుట కాపరిగా నియమించారు. నా పేరు ఆవునూరి ఓదెలు.

ఈ నమోదులు ఎవరి చేతికి వెళతాయో తెలియదు కనుక నా పని ఏమిటో చెబుతాను. మా బాయిలో, అంటే మేము బతుకుతున్న ఈ పాత గనిలో, ప్రతి యంత్రానికీ వికీలో ఒక పుట ఉంటుంది. యంత్రాన్ని నడిపినవారు గానీ, బాగుచేసినవారు గానీ, చేతులు కడుక్కోకముందే తాము ఏం చేశారో ఆ పుటలో రాయాలి. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. తెగిన వాక్యాలను అతకడం, ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి తీసివేయడం, అర్థం కానిదాన్ని రాసినవారినే అడిగి తెలుసుకోవడం నా పని. నిన్న ఫ్యాను పుటలో ఒకాయన "బెల్టు జర్రంత లూజు చెయ్యాలె" అని రాశాడు. జర్రంత అంటే ఎంతో తెలపవలసిందిగా కింద కోరాను. "జర్రంతంటే జర్రంతే సారూ" అని జవాబు వచ్చింది.

పుట మీద తగవు వచ్చినప్పుడు కాపరి వేరుగా నమోదులు రాసి ఉంచాలని నియమం. తగవు ఈ ఉదయమే మొదలైంది.

నేను స్క్రీను మీద పేరుకున్న బూజును గుడ్డతో తుడుస్తూ ఉండగా గజ్జెల భాగ్య లోపలికి వచ్చింది. ఆమె కింది వాడలో ఉంటుంది. కింది పంపును నడిపేవారిలో పెద్దది. చీర కుచ్చెళ్లు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి.

"ఓ పట్టా సారూ, జెర గా వికీ మూసి ఇటు రా. నా ఇల్లు ఈదుతుంది."

"ఏమైంది భాగ్యా?"

"ఏమైతది? పైతొట్టి నీళ్లన్ని కిందికి దునికినయ్. నా బియ్యం డబ్బ పడవ లెక్క తేలుకుంట మీ చిన్నమ్మ ఇంటిదాక పోయింది. ఆమె దాన్ని మూత తీసి సూసి, గిన్నె బియ్యం తీసుకున్నంకనే పంపింది."

నేను ఆమె వెంట కిందికి దిగాను. వాడలో నీరు చీలమండలు దాటి ఉంది. పుట్టగొడుగుల మడులు రెండు వరుసలు కొట్టుకుపోయాయి. పంపు గదిలో ఒక మనిషి గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడో బాయి నుంచి మా బాయికి కొత్తగా బదిలీ మీద వచ్చిన సింగం లక్ష్మీరాజం అతడే.

"నేను సదివిన సారూ," అన్నాడు, నేను అడగకముందే. "ఒక్కన్నే ఉన్న, గట్టిగ సదివిన. ఎర్ర వాల్వు పూర్తిగ తెరువమన్నది, తెరిచిన. మా మూడో బాయిల సదివిందే చేస్తం. ఈడ ఇంకో పద్ధతి ఉంటదని నాకెవలు చెప్పిండ్రు?"

భాగ్య నా వైపు చూసింది. తరువాత అతని వైపు చూసి, మెల్లగా అంది.

"నీ తప్పు లేదు తమ్మీ. గా వాక్యం సదవాలె, చెయ్యొద్దు. గా ముక్క నీకు చెప్పుడు మర్చినం."

నమోదు 2

చదవాలి గానీ చేయకూడదు అన్న మాట బయటివారికి విచిత్రంగా వినిపిస్తుంది. వివరిస్తాను.

పైన నేల మీద ఎండ మనిషిని నిలవనీయదు. చలికాలంలో కొద్ది రోజులు తప్ప మేము పైకి వెళ్లలేము. మా వారు పోతే, పైన ఎక్కడో పూడ్చిన చోటికి వెళ్లి దీపం పెట్టి రావడం చాలామందికి కుదరదు. అందువల్ల ఏళ్ల క్రితమే ఒక ఆచారం ఏర్పడింది. పోయిన మనిషి ఏ యంత్రం పుటను రాసి ఉంటే, సంవత్సరీకం రోజున ఇంటివారు ఆ యంత్రం దగ్గరికి వచ్చి ఆ పుటను చదివించుకుంటారు. పువ్వు పెడతారు, పటిక బెల్లం పంచుతారు. పోయినవారి వాక్యాన్ని ఎవరూ ముట్టరు. దిద్దవలసింది ఉంటే పుట అడుగున వేరే వాక్యంగా చేర్చవచ్చు. పైన ఉన్నదాన్ని మాత్రం కదపకూడదు.

ఇందులో నాకు ఏనాడూ తప్పు కనిపించలేదు. మా అమ్మ రాసిన వంటగది ఆవిరి పొయ్యి పుటను ఇప్పటికీ నేనే చదువుతాను.

కింది పంపు పుట కాంపెల్లి స్వరూప రాసినది. ఈ బాయిలో అంత శుభ్రమైన పుట మరొకటి లేదని పుట కాపరిగా చెప్పగలను. మొదటి అయిదు వాక్యాలు ఇవి (మా లెక్కలో ఒక వరుస ఒక వాక్యం):

చెప్పులు విప్పి రండి. నేల చల్లగా ఉంటే మోటారు చల్లగా ఉన్నట్టే.
మోటారు మీద చెయ్యి పెట్టండి. చెయ్యి నిలవకపోతే ఆగండి, దాన్ని తిట్టకండి.
జాలీలో చిక్కుకున్న పుట్టగొడుగుల పీచు తీయండి.
ఎర్ర వాల్వు పూర్తిగా తెరవండి. సగం తెరిచి వదలకండి.
స్విచ్చు వేసి, చప్పుడు ఒకే తీరుగా వచ్చేదాకా అక్కడే ఉండండి, వెళ్లిపోకండి.

ఆమె ఇది రాసిన రోజుల్లో పైపు నేరుగా పక్క కాలువలోకి వెళ్లేది. ఏ వాల్వు ముందు తెరిచినా నష్టం లేదు. ఆమె పైన సౌర పలకల తీగ కలపడానికి వెళ్లి, ఎండదెబ్బ తగిలి తిరిగి రాలేదు. ఆ తరువాత ఊరివారు నీటిని వృథా చేయకూడదని ఎత్తున తొట్టి కట్టి, పైపును దానికి కలిపారు. ఇప్పుడు పంపు తిరగకముందే ఎర్ర వాల్వు తెరిస్తే, పైతొట్టి నీరే వెనక్కి కిందికి దూకుతుంది. ఆ సంగతిని అప్పటి కాపరి నియమం ప్రకారం పుట అడుగున చేర్చాడు. దాని మీద మరెన్నో చేర్పులు వచ్చాయి. ఇవాళ ఆ హెచ్చరిక దగ్గరికి వెళ్లాలంటే గ్రీజు గురించి ఇద్దరు బావమరుదులు పెట్టుకున్న పొడవాటి వాదన దాటి వెళ్లాలి.

మా బాయిలో యంత్రం నడిపే పద్ధతి ఏమిటంటే, ఒకరు చేతి పలక మీద పుటను తెరిచి గట్టిగా చదువుతారు, మరొకరు చేతితో చేస్తారు. కింది పంపు దగ్గర పాతవారు నాలుగో వాక్యాన్ని గౌరవంగా చదివి, ఆ పని చేయకుండా అయిదో దానికి వెళ్లిపోతారు. వాల్వును చివరన తెరుస్తారు. అందరికీ తెలుసు. తెలియనివాడు రాకపోవడం వల్ల ఇన్నాళ్లు నడిచింది.

నమోదు 3

పంచాయితీ కూర్చుంది. పెద్దమనిషి రాజవీరు ముందుగా లక్ష్మీరాజాన్ని తిరిగి మూడో బాయికి పంపుదామన్నాడు. నేను లేచి, పుటలో ఉన్నది ఉన్నట్టు చేసిన మనిషిని శిక్షించిన ఊరికి వికీ ఉండి ప్రయోజనం లేదని, ఈ మాటను నమోదులో రాయవలసి ఉంటుందని తెలియజేశాను.

"రాయి నాయినా, రాయి. నువ్వు రాయందే ఉంటవా?" అన్నాడు రాజవీరు. కానీ ఆ మాట అక్కడితో వదిలేశాడు.

నాలుగో వాక్యం పక్కన ఎర్ర రంగులో హెచ్చరిక పెట్టడానికి అనుమతి కోరాను. పోయినవారి మాట పక్కన ఎర్ర రంగు పెడితే తప్పు దిద్దిన పరీక్ష పేపరులా ఉంటుందని ఇద్దరు ముగ్గురు అభ్యంతరం చెప్పారు. వారి మాటలో న్యాయం ఉంది. స్వరూప తప్పు రాయలేదు. చివరికి రాజవీరు తేల్చాడు: ఇంటివారు ఒప్పుకుంటే వాక్యాన్ని మార్చవచ్చు, ఒప్పుకోకపోతే ఊరు నోరు మూసుకోవాలి.

ఇంటివారు అంటే ఒక్కరే, ఆమె తండ్రి మొండయ్య. వెళ్లి అడగవలసింది నేను.

"నువ్వే పోవాలె మరి," అంది భాగ్య, బయటికి వచ్చాక. "పట్టా ఉన్నోనివి."

"నువ్వు కూడా రా భాగ్యా."

"నేనెందుకు? నాకు పట్టా లేదు, ఇల్లు లేదు. ఇల్లున్నది గని అండ్ల చేపలున్నయ్."

నమోదు 4

కాంపెల్లి మొండయ్యగారు కింది వాడ చివరి గదిలో ఉంటారు. కళ్లు బాగా మసకబారాయి. మనిషిని అడుగుల చప్పుడుతో గుర్తుపడతారు. మొన్నటి నీరు ఆయన గదిలోకీ వచ్చింది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని, దాని మీద కూర్చుని ఉన్నారు. గోడకు బిడ్డ ఫొటో లేదు. పైకి వెళ్లిన రోజున ఆమె ఫోను ఆమెతోనే పోయింది.

"ఎవలు? ఓదెలా? రా బిడ్డా. సంవత్సరీకానికి ఇంక దినాలున్నయ్ గదా, గిప్పుడే అచ్చినవేంది?"

నేను సంగతి చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను, రాత్రి బడిలో వ్యాసాలు ఎట్లా కట్టాలో నేర్పారు, ఆ క్రమంలోనే చెప్పాను. ఆయన చివరిదాకా విని ఒకే ప్రశ్న అడిగారు.

"అంటే నా బిడ్డ తప్పు రాసిందంటవ్?"

"లేదు బాపూ. రాసిననాడు అది మంచిగనే ఉండె. పైపు మారింది."

"పైపు మారితె పైపును దిద్దుండ్రి. నా బిడ్డను ఎందుకు దిద్దుతరు?"

వ్యాసం పక్కన పెట్టాను. వికీలో ఏ వాక్యమూ పూర్తిగా చెరిగిపోదని, మార్చినా పాతది వెనక పొరలో రాసినవారి పేరుతో సహా ఉంటుందని, కావాలంటే ఎప్పుడైనా తీసి చూపించగలనని చెప్పాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"ఎనుక పొరల పెడ్తవ్. గా ఎనుకకు పోయి సదివేదెవడు? చెప్పు. నువ్వు సదువుతవా, దినాం?"

ఆయన గోడ మీద చెయ్యి వేశారు.

"ఓదెలూ, నేను ఈడ మంచంల పండుకుంట. గోడ అవతలనే గా పంపు. పొద్దుగాల షిఫ్టోళ్లు అస్తరు, గట్టిగ సదువుతరు. మాపటీలోళ్లు అస్తరు, గట్టిగ సదువుతరు. చెప్పులు ఇడువుండ్రి అంటది నా బిడ్డ, ఇడుస్తరు. వాల్వు తిప్పుండ్రి అంటది, తిప్పుతరు. గంత పెద్ద మోటరు దాని మాట ఇని లేస్తది. నాకు ఇంకేమున్నది బిడ్డా? గది ఉన్నది."

తిప్పడం లేదని ఆయనతో నేను అనలేకపోయాను. లేచి వచ్చేశాను. బయట భాగ్య కడవలతో నీళ్లు ఎత్తిపోస్తోంది. నా ముఖం చూసి చేతికి ఒక కడవ ఇచ్చింది.

నమోదు 5

పైన వానలు మొదలయ్యాయని గాలి గొట్టాల వాసన చెబుతోంది. రెండో రోజుకే గోడలు చెమర్చాయి. సంపులో, అంటే కిందికి దిగిన నీరంతా చేరే గుంటలో, మట్టం పెరుగుతోంది. ఇప్పుడు పంపును ప్రతి షిఫ్టులోనూ ఆపి, చల్లార్చి, మళ్లీ వేయవలసి వస్తోంది. వేసిన ప్రతిసారీ పుట చదవాలి.

లక్ష్మీరాజం నన్ను అడిగాడు, నాలుగో వాక్యం చదవకుండా వదిలేయవచ్చు కదా అని. భాగ్య ఒప్పుకోలేదు. "గోడ అవతల మామ ఇంటడు. ఒక్క మాట తప్పిపోయినా పట్టుకుంటడు," అంది. తన ఇంట్లోనే చేపలున్నాయని ఎగతాళి చేసిన మనిషి ఈ మాట అనడం నాకు గౌరవం కలిగించింది.

ఈ రోజు జరిగింది రాస్తున్నాను. భాగ్య తన షిఫ్టు తరువాత రెండో షిఫ్టు కూడా చేస్తోంది. జ్వరంతో పడుకున్న మనిషికి బదులుగా ఉంది. లక్ష్మీరాజం చదువుతున్నాడు, ఆమె చేస్తోంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. మొదటి వాక్యం, రెండోది, మూడోది. నాలుగోది చదివాడు. భాగ్య చెయ్యి ఎర్ర వాల్వు మీదికి వెళ్లింది, తిరిగింది. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా ఆ వాక్యాన్ని దాటివేసిన మనిషి చెయ్యి, అలసట వల్ల, చెవిలో పడిన మాటకు లోబడింది.

పైపులో ఉరుము వంటి చప్పుడు వచ్చింది. లక్ష్మీరాజం పుస్తకంలా పట్టుకున్న పలకను పారేసి వాల్వు మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి మూసేలోపల నీరు గది నిండి వాడలోకి పోయింది. మోటారు తడిసింది. ఆరబెట్టి, తీగలు చూసి, మళ్లీ వేసేదాకా సంపు నిండుతూనే ఉంటుంది. వాన ఆగలేదు.

భాగ్య నేల మీద నీళ్లలోనే కూర్చుంది. "తెలిసి తెరిచిన సారూ," అంది. "నాకు తెలువదా? నాకే తెలువదా?"

వాడలోని పిల్లలను, ముసలివారిని పై గ్యాలరీలోకి, అంటే ఎత్తున ఉన్న సొరంగంలోకి పంపడం మొదలుపెట్టారు. మొండయ్యగారు మంచం దిగనన్నారు.

నమోదు 6

మోటారు ఆరేదాకా మాకు సగం రోజు పట్టింది. ఆ మధ్యలో మొండయ్యగారి దగ్గరికి నేను మళ్లీ వెళ్లలేదు, ఆయనే వచ్చారు. లక్ష్మీరాజం భుజం పట్టుకుని, ఒక చేత్తో గోడను తడుముకుంటూ పంపు గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. నీరు పిక్కలదాకా ఉంది.

"సప్పుడు ఆగింది," అన్నారు. "ఇంతసేపు ఎన్నడాగలే. ఏమైంది? ఎవలన్న చెప్పుండ్రి."

ఆయన ఇంకా లోపలికి వచ్చారు.

"మోటరు ఆరిందా?"

"ఆరింది మామా," అంది భాగ్య.

"అయితె సదువుండ్రి. నా ముంగట సదివి ఎయ్యుండ్రి. నా బిడ్డ చెప్పినట్టు చెయ్యుండ్రి. ఒక్కొక్కటి. నేను నిలబడి ఇంట."

నన్ను చదవమన్నారు. నేను పలక తీసుకుని మొదటి వాక్యం చదివాను. అందరం అప్పటికే చెప్పులు లేకుండానే ఉన్నాము. భాగ్య కాలితో మోటారు దిమ్మెను తాకి, "సల్లగున్నది మామా," అంది. రెండోది చదివాను. ఆమె మోటారు మీద చెయ్యి పెట్టి, ఆయన చెయ్యి కూడా పట్టుకుని దాని మీద పెట్టింది. "నిలుస్తుంది," అన్నారాయన. మూడోది చదివాను. లక్ష్మీరాజం జాలీ నుంచి పుట్టగొడుగుల పీచు గుప్పెడు తీసి చూపించాడు. చూడలేరు కనుక చేతిలో పెట్టాడు. ముసలాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి, "ఔ, గిదే. ఇంటికి అచ్చినప్పుడు దాని చేతులకు గీ వాసనే ఉండె," అన్నారు.

నాలుగోది చదివాను. భాగ్య చెయ్యి వాల్వు మీద ఆగిపోయింది.

"ఎందుకాగినవ్ పిల్లా?"

ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకోలేదు. ఆమే చెప్పింది.

"ఈడికి అచ్చినంక ఊకె సదివి ఇడిసిపెడ్తం మామా. చెయ్యం."

"ఎప్పటిసంది?"

"పైతొట్టి కట్టినప్పటిసంది."

మొండయ్యగారు తన గది వైపు గోడను చేత్తో తడిమారు.

"అంటే ఇన్నేండ్లు," అన్నారు, "మీరు నా బిడ్డ మాట గట్టిగ సదివి, పక్కకు పెట్టిండ్రు. నేను గోడ అవతల పండుకొని ఇని, చేస్తున్నరనుకున్న."

"నువ్వు ఇంటవనే సదివినం మామా," అంది భాగ్య. ఆమె ఏడుస్తోంది.

"తిప్పు."

"మామా, నీళ్లు..."

"జర్రంత తిప్పు. నేను సూడాలె."

నేను అడ్డు చెప్పబోయి మానుకున్నాను. భాగ్య వాల్వును కొద్దిగా తిప్పింది. పైన ఎక్కడో మూలిగినట్టయి, చల్లని నీరు పైపు వెంట దిగి, పంపు మూతి నుంచి వెనక్కి చిమ్మి ఆయన నడుము తడిపింది. ఆయన కదలలేదు. అది తగ్గేదాకా చెయ్యి చాపి ఆ నీటిని పట్టుకుని, పైనుంచి వస్తున్నదని తెలిసిన తరువాత, "మూసెయ్," అన్నారు.

"ఓదెలూ."

"చెప్పు బాపూ."

"దినాం సదివి దినాం కాదనుడంటె, దాన్ని దినాం అబద్ధాలకోరును చేసుడే. నా బిడ్డ అబద్ధాలు చెప్పేది కాదు. గా మాట తీసెయ్. నేను చెప్తా, రాయి."

ఆయన చెప్పారు, నేను రాశాను. రాసిన తరువాత, దీన్ని కొంచెం సరిచేసి గ్రాంథికం కాకపోయినా పత్రికల భాషలోకి మారుస్తానని విన్నవించాను. "నీ పట్టా తెలుగు వద్దు బిడ్డా," అన్నారు. "నేను మాట్లాడినట్టుండాలె. అది నా పక్కన నిలబడ్డట్టుండాలె."

అందువల్ల ఉన్నది ఉన్నట్టే ఉంచాను. పుటలో నాలుగో వాక్యం ఇప్పుడు ఇది: "నేను కాంపెల్లి మొండయ్యను, స్వరూప నాయినను. ఎర్ర వాల్వు ఇప్పుడే ముట్టకుండ్రి." దాని తరువాత అయిదోది స్వరూప రాసినదే, స్విచ్చు వేసి చప్పుడు ఒకే తీరుగా వచ్చేదాకా వెళ్లిపోవద్దన్నది. ఆరోది మళ్లీ ఆయనది: "చప్పుడు మంచిగ అచ్చినంక వాల్వు మెల్లగ తెరువుండ్రి. పైపు మీద చెయ్యి పెడితె నీళ్లు పైకి పోతున్నది తెలుస్తది."

ఆ క్రమంలోనే మళ్లీ మొదటి నుంచి చదివాము. భాగ్య స్విచ్చు వేసింది. మోటారు ముందు దగ్గినట్టు చేసి, తరువాత నిలకడగా పాడింది. ఎవరూ వెళ్లిపోలేదు. వాల్వు తెరిచాక ముసలాయన పైపును కౌగిలించుకున్నట్టు పట్టుకుని దానికి చెంప ఆనించారు. "పోతున్నయ్," అన్నారు.

నమోదు 7

వాన నిలిచేసరికి వాడలో బురద మాత్రమే మిగిలింది. పుట్టగొడుగుల మడులు మళ్లీ వేస్తున్నారు. భాగ్య తన బియ్యం డబ్బాకు తాడు కట్టి గోడకు మేకు కొట్టింది.

పంచాయితీలో కొందరికి ఇది ఇష్టం లేదు. ఈ రోజు ఒక వాక్యం మారితే రేపు ప్రతి పుటా మారుతుందని రాజవీరు అన్నాడు. అది నిజమే. నా దగ్గరికి వచ్చినవారు ఇప్పటికే ఉన్నారు. కొందరు తమవారి పుట దగ్గర కూర్చుని, ఒక్కొక్క వాక్యం చేసి చూడమని అడుగుతున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం వద్దని వెళ్లిపోయారు. వారిని నేను ఒత్తిడి చేయలేదు, చేయను.

మొండయ్యగారు మరొక మాట చేర్చమన్నారు. తన రెండు వాక్యాల కింద చిన్న అక్షరాలలో ఉంది: "నేను సచ్చినంక గీ మాటలు తప్పైతే, ఎవల్ని అడగకుంట దిద్దుండ్రి." దీన్ని చూసి భాగ్య తాను రాసిన చోటల్లా అదే రాసుకుంది. లక్ష్మీరాజం ఈ ఊరివాడు కాకపోయినా రాసుకున్నాడు, ఇక్కడే ఉండిపోతానంటున్నాడు. నేనూ నా వాక్యాలన్నింటి కింద రాశాను. నావి చాలా ఉన్నాయి కనుక ఈ పని ఇంకా పూర్తి కాలేదు.

మా అమ్మ రాసిన ఆవిరి పొయ్యి పుట దగ్గరికి రేపు వంటగదివారిని పిలిచాను. మూడో వాక్యాన్ని వారు కూడా చాలాకాలంగా చేయకుండా దాటేస్తున్నారని నాకు అనుమానంగా ఉంది.

సంవత్సరీకం నాడు స్వరూప పుటను నేనే చదివాను. అందులో తండ్రి మాట, బిడ్డ మాట, మళ్లీ తండ్రి మాట వరుసగా వచ్చినప్పుడు, మొండయ్యగారు తన వాక్యాలను నాతోపాటు పలికారు. బిడ్డ వాక్యం దగ్గర మాత్రం ఆగి విన్నారు. తరువాత పంపు వేశారు. పటిక బెల్లం పంచారు.

తగవు ముగిసింది కనుక ఈ నమోదులను ఇక్కడ ఆపుతున్నాను. ఇవి తరువాత ఎవరు చదవాలో నియమం ప్రకారం తెలియజేస్తున్నాను. మొదట ఇతర బాయిల పుట కాపరులు చదవాలి. వారి బాయిల్లో చదివి చేయకుండా వదిలే వాక్యాలు ఏవో పాతవారిని అడిగి తెలుసుకోవాలి. వారు వెంటనే చెప్పరు, సిగ్గుపడతారు, రెండోసారి అడగాలి. తరువాత బదిలీ మీద మా బాయికి వచ్చే ప్రతివారూ, ఏ యంత్రాన్నీ ముట్టకముందే చదవాలి. భాగ్యకు ఇవ్వనవసరం లేదు. ఆమె అడిగింది, ఇచ్చాను, చాలా పొడుగ్గా ఉందన్నది.

చివరగా మొండయ్యగారికి వినిపించాలి. ఆ సమయానికి కింది పంపు దగ్గర ఎవరు ఉంటే వారు చదవవచ్చు. ఆయనకు ఎడమ చెవి వినబడదు, కనుక కుడివైపు కూర్చోండి. గట్టిగా, నెమ్మదిగా చదవండి. చదువుతుండగా ఆయన ఆపి "ఇది గిట్ల కాదు" అంటే, ఇది ఓదెలు రాసింది కదా అని ఆగవద్దు. ఆయన చెప్పింది విని, ఆ చోటనే దిద్ది, ముందుకు సాగండి.